తలకిందులైన అట్టలు

అమ్మా, మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగపడకు. షాపు అమ్మేయమని రాశావు. అమ్మం. నాన్న పోయాక ఆగిన బైండింగు పని నిన్న మొదలెట్టాం. అన్నయ్య పుస్తకం కుట్టి, తనవైపు ఉన్నది ఉన్నట్టే నా ముందుకి తోస్తాడు, ఎదురుగా నాన్న పీట మీద కూర్చుని నేను అట్ట వేస్తాను. ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు కదా, చూసుకునేసరికి ఇరవై అట్టలూ తలకిందులు!

“కళ్ళు నెత్తికెక్కాయా? తిప్పి వెయ్యాలని తెలీదూ?” అన్నాడు.

“చెప్పడానికి నోరు పడిపోయిందా?” అన్నాను.

“నాన్నకెప్పుడూ చెప్పలేదే!”

ఇన్నేళ్ళూ ఆయనే కిమ్మనకుండా తిప్పుకున్నారన్నమాట.

అన్నీ ఊడదీసి మళ్ళీ వేస్తున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పెద్ద కత్తెర ఎక్కడ పెట్టావు? పిన్నికి నమస్కారాలు. ఇప్పుడు అన్నయ్య తిప్పి ఇస్తున్నాడు, నేనూ తిప్పేస్తున్నాను, అట్టలు మళ్ళీ తలకిందులే! అమ్మకం మాట మళ్ళీ ఎత్తకు, వచ్చి మా మధ్యన కూర్చో.

నీ కూతురు