కుంటలో పుట్టినవి

20 ఆగస్టు 2001
రెండు కొరమీనులు వెల్లకిలా తేలాయి. గుడ్లు పెట్టవలసిన జత. నీటిమీద నూనె పొర, గట్టున మందు వాసన. పక్క పొలం కోటయ్య పిచికారీ డబ్బాను మా కుంటలోనే కడిగాడు. నిరుడూ ఇంతే.
"చేపపిల్లల్ని కొనుక్కొచ్చి పోసుకోరాదా టీచరమ్మా? అందరూ చేసేది అదేగా!" అన్నాడు కోటయ్య.
ఏటా కొని పోస్తే అది పెంపకం. ఇక్కడే పుట్టాలి, ఇక్కడే పిల్లలు పెట్టాలి — నాకు కావలసింది అది.

2 సెప్టెంబరు
పోట్లాడలేదు. మా బోరు నుంచి కోటయ్య గట్టుకు పైపు వేయించి, సిమెంటు తొట్టి కట్టించాను. డబ్బా కడగడానికి ఇక కుంట దాకా నడవక్కరలేదని చెప్పాను. అనుమానంగా చూశాడు.
వినుకొండ బజారులో బతికున్నవి ఏరి, రెండు జతలు వదిలాను.

19 జులై 2002
కోటయ్య కేక — "ఎవరో పండుమిరపకాయలు పారబోశారండీ కుంటలో! నేను కాదు, ముందే చెబుతున్నా!"
పరుగెత్తాను. తుంగ పక్కన ఎర్రటి ముద్ద... కదులుతోంది. విడిపోతోంది, మళ్ళీ కూడుకుంటోంది. కొరమీను పిల్లలు. వందలు. వాటి అడుగున కాపలాగా పెద్దది.


20 జులై
కాపలా కాసే మగచేప, దగ్గరికి వచ్చిన దేనినైనా కరుస్తుంది. అందుకే గాలానికి ఇట్టే దొరుకుతుంది. కోటయ్య గాలంతో సిద్ధం. మా పొలం చూసుకునే ఏసోబు అడ్డం నిలబడ్డాడు — "దాన్ని పట్టావంటే పిల్లల్ని కొంగలు ఏరుకు తింటయ్యి."
"ఒక్కటేలేవయ్యా!"
"వాటికున్నదీ ఒక్క నాన్నే కోటయ్యా!"

21 జులై
కోటయ్య వడిసెల పట్టుకుని గట్టుమీద. కొంగలను తోలుతున్నాడు. ఎవరూ పిలవలేదు.

6 ఆగస్టు 2003
వలలో ఒక ఆడది. పొట్ట నిండా గుడ్లు. తిప్పి చూశాను — పొట్ట కింది రెక్కలు రెండూ నిండుగా ఉన్నాయి. బయటినుంచి తెచ్చిన ప్రతిదానికీ ఒక రెక్కను మొదలంటా కత్తిరించి వదిలాను. కాబట్టి ఇది ఇక్కడ పుట్టినదే. ఇక్కడే తల్లి కాబోతున్నది. ఈ రెండేళ్ళలో బయటి చేప ఒక్కటీ వేయలేదు.
నెరవేరింది. నిదానంగా మళ్ళీ రాసుకుంటున్నాను — నెరవేరింది.
ఏసోబు ప్రార్థనలో చేపలకోసం కూడా స్తోత్రం చెప్పాడట. "నవ్వకండమ్మగారూ" అన్నాడు. నవ్వలేదు.

24 సెప్టెంబరు
మూడు రోజులుగా ముసురు. కుంట పొర్లింది. పొద్దున్నే కోటయ్య బకెట్టుతో వాకిట్లో — "మీ చేప నా మిరప సాళ్ళల్లో పాకుతోందండీ! నీళ్ళు లేకపోయినా చావదేంటండీ ఇది?" మొహం వెలిగిపోతోంది. "మా చేలో గుంట ఉందిగా, అందులో వదులుతా. దీనికో జత ఇవ్వండి టీచరమ్మా."
ఆ గుంట నిండేది అతను మందు కొట్టే మిరపచేను మీదుగా పారిన నీళ్ళతోనే.
"మిరపకు పురుగు పడితే ఏం చేస్తావు కోటయ్యా?"
బకెట్టులోకి చూశాడు. చేప పైకి వచ్చి, ఒక గుక్క గాలి పీల్చి, అడుగుకు పోయింది.
చేనివైపు వెళ్ళాడు. బకెట్టు మాత్రం చేపతో సహా ఇక్కడే ఉంచాడు.