తూయీ కాలి దగ్గర చుక్క

ఏమండీ,

ఇవాళ మీ తద్దినం భోజనాలయ్యాక, మన అమ్మాయి పిల్లల పుస్తకానికి బొమ్మ వేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. ముందు పెన్సిల్‌తో అన్నీ పిచ్చిగీతలే, నాకేమీ అర్థం కాలేదు. దానికి మాత్రమే కనిపిస్తున్న ముక్కునీ రెక్కనీ ఆ గీతల్లోంచి ఇంకుతో మెల్లగా బయటికి తీసింది. నీలం మీద ఆకుపచ్చ పలచగా పూసేసరికి, మన టకానిని ఇంటి పెరట్లో వాలే తూయీ పిట్ట గొంతు కింది తెల్ల కుచ్చుతో సహా కాగితం మీద వాలింది.

కాలి దగ్గర నల్లమరక కనిపిస్తే కొంగుతో తుడవబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"మరక కాదమ్మా, దిష్టి చుక్క. షాప్ బోర్డ్స్‌కి డాడీ పెట్టేవారు కదా."

పాపటోయిటోయి బజారులో మీరు రాసిన బోర్డులు ఇప్పుడు ఒక్కటీ లేవు. చుక్క ఇంకా తడిగా ఉంది. ఆరేదాకా ఇద్దరం అక్కడినుంచి లేవలేదు.