చోడవరం కోర్టుకి మా సంధ్యే జడ్జీ

బుచ్చయ్యపేట

మా సంధ్యారాణికి, మీ పిన్ని దేముడమ్మ నిండా దీవించి రాస్తన్న ఉత్తరం.

ఫోన్ సేస్తే "కోర్టుకి టైమైపోయింది పిన్నీ" అని పెట్టేస్తన్నావు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకే రాస్తన్నాను.

మా అప్ప, అదే మీ అమ్మ, పోయినప్పట్నుంచీ నిన్ను పక్కలో పడుకోబెట్టుకుని పెంచేను. జడ్జీవయ్యేవు, సంతోషమే. కానీ రాయదుర్గం ఏటే? మ్యాపులో అది ఆ సివర, మనం ఈ సివర. సెరుకు బళ్ళు గోవాడ పంచదార ఫేక్టరీకి ఎల్తంటే ఎనకాల పరిగెత్తి గెడ లాగేదానివి. ఇప్పుడు నేనే ఒక గెడ లాగి, తినే మనిషి లేక మేకకి పడేస్తన్నాను.

నిన్న చోడవరం ఎల్లేను. కోర్టు గేటు నిండా ఫ్లెక్సీలు! వాటి మీద నల్లకోటాయన దండం పెడతన్నాడు. "ఏటిది బాబూ?" అంటే "కోర్టులో ఎలక్షన్లమ్మా" అన్నాడు ఆటో గౌరీశంకర్. ఓట్లేస్తే జడ్జీ వస్తారని ఇన్నాళ్ళూ నాకెవరూ సెప్పలేదే! నిన్ను ఇక్కడ నిలబెట్టేస్తన్నాను. మన వీధంతా ఒప్పుకున్నారు.

నీ పిన్ని,
దేముడమ్మ

తా.క. గుర్తు సెరుకుగెడ అని సెప్పేసేను. నచ్చకపోతే బేగి రాయి, అందరూ కంఠతా పట్టేస్తన్నారు.

•

రాయదుర్గం

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, ఆ వెంటనే చెమటలు పట్టాయి. నువ్వు చూసినవి వకీళ్ళ సంఘం ఎన్నికలు. జడ్జీలకు ఓట్లుండవు పిన్నీ. మేం పరీక్ష రాస్తాం, హైకోర్టు ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తాం. సొంత జిల్లాలో వెయ్యరు. నా పేరు చెప్పి ఎవరో ఓట్లడుగుతున్నారని బయటికి తెలిస్తే ఉద్యోగానికే ముప్పు. నేను నిలబడను. దయచేసి ఆపు.

నీ సంధ్య

తా.క. గెడ మేకకు వేశావన్న చోట కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. మా అటెండరు చూశాడు. దుమ్ము పడిందన్నాను.

•

బుచ్చయ్యపేట

సంధ్యమ్మకి పిన్ని ముద్దులు.

"నిలబడను" అన్నావు. మన పాత సర్పంచీ ముందు అలాగే అన్నాడు, ఆనక రెండుసార్లు గెలిసేడు. నీ బిడియం నాకు తెలీదా?

సొంత జిల్లా అన్నావు. ఒసే గుంటా, నువ్వు పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. సర్టిఫికెట్లో అదే ఉంది. ఇప్పుడు చోడవరం అనకాపల్లి జిల్లాలోకి పోయింది. అది నీ సొంత జిల్లా ఎలాగవుతాది? హైకోర్టుకి సెప్పు.

ప్రచారం జోరుగా ఉంది. అప్పలనరసమ్మ "మీ గుంట గెలిస్తే నా గట్టు తగువు తీరుస్తాదా?" అంది. గెలిసేదాకా ఎందుకని నేనే ఎల్లి, ఆవిణ్నీ పక్క రైతునీ గట్టు మీద కూకోబెట్టి, తేలేదాకా ఇంటికి ఎల్లనివ్వలేదు. సాయంత్రానికి తేలిపోయింది. అప్పట్నుంచి తగువున్నోళ్ళంతా మన అరుగు మీదే.

నీ పిన్ని,
దేముడమ్మ

తా.క. వీధి కొళాయి తగువుకి వాయిదా వేసేను. వాయిదాలెందుకేస్తారో ఇప్పుడు తెలిసింది. ఆకలేసింది.

•

రాయదుర్గం

పిన్నీ,

జిల్లా గురించి నువ్వన్నది చదివి నా సర్టిఫికెట్ తీసి చూశాను, నిజమే. అయినా చోడవరం రావడం నా చేతిలో లేదు. తగువులు తీర్చు, నాకు గర్వమే. నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు.

ఇక్కడ పొద్దున్నుంచీ అందరూ మేడం అంటారు. ఎవరింటికీ భోజనానికి వెళ్ళను. రేపు వాళ్ళ కేసు నా ముందుకే రావచ్చు. పక్కింట్లోంచి చేపల పులుసు వాసన వస్తే కిటికీ మూసుకుంటాను. మొన్న ఒక సాక్షి, పాలకొండ ఆవిడ, మన యాసలో "ఏటి బాబూ?" అంది. అవసరం లేకపోయినా ఇంకో రెండు ప్రశ్నలడిగాను.

నేను రాలేను. నువ్వే రాకూడదా?

సంధ్య

తా.క. ఆవిడ మాట వింటూ, చెప్పిందేమిటో వినలేదు. తర్వాత రికార్డు తెప్పించుకుని చదువుకున్నాను.

•

రాయదుర్గం, మీ కోర్టు గేటు

సంధ్యా,

నీ పేరు ఎత్తొద్దన్నావని ఇంటింటికీ ఎల్లి సెప్పేను, మా గుంట నిలబడదు, ఓటెయ్యకండని. "అయితే నువ్వే నిలబడు" అన్నారు. పంచాయతీ ఎలక్షన్లు వచ్చేయి కదా, వార్డు మెంబరుకి నామినేషన్ వేయించేసేరు. ఎదురు ఎవరూ వెయ్యలేదు. గెలిసిపోయేను. ఒక్క పరీక్షా రాయలేదు.

దండలేసి "నీకేటి కావాలమ్మా?" అన్నారు. "సెలవు" అన్నాను. రైలెక్కి, బస్సెక్కి వచ్చేసేను.

గేటు కాడ పోలీసాయన "మేడం కేసులు సూస్తన్నారు, ఎవరినీ కలవరు" అన్నాడు. "మేడంకి ఏమవుతారు?" అనడిగేడు. పిన్నినని నోటిదాకా వచ్చింది. "అమ్మని" అన్నాను. గబుక్కున లేచి తన కుర్చీ ఇచ్చేసేడు. ఈ కాగితం లోపలికి పంపుతానన్నాడు.

నీ పని సూసుకునే రా. నేనిక్కడే కూకుంటాను.

దేముడమ్మ

తా.క. కోర్టు గేటు దగ్గర అబద్ధమాడితే శిక్షేటో నాకు తెలీదు. ఎంతైనా వెయ్యి, నీ ఇంట్లోనే వెయ్యి.