బ్రేవిక్ అన్న ఇంటిపేరు

థర్సో,
అక్టోబరు 9, 1953

మర్డో అన్నయ్యకు,

ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. నాన్న వెతికి రమ్మన్న మన పూర్వీకుల సమాధులు ఇక్కడ లేవు. నిన్న చర్చిలో పాత పుట్టుకల పుస్తకం తీయించాను. దాన్ని చూసే ముసలావిడ చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఎలా చెప్పనే తల్లీ! మీ ముత్తాత బ్రేవిక్ పొలంలో, గొర్రెల దొడ్డి పక్కన దొరికిన పసిగుడ్డట. కన్నవాళ్లెవరో తెలీక పాదిరిగారు ఆ పొలం పేరే పెట్టేశారు."

"మరి వేరే బ్రేవిక్‌లు?"

"పొలానికే ఆ పేరమ్మా, మనుషులకెవరికీ లేదు."

అక్కడే కూలబడి ఏడ్చాను. చచ్చాక మనవాళ్ల పక్కనే పడుకోబెట్టమని నాన్న ఏడాదిగా కలవరిస్తున్నాడే, ఎవరి పక్కన పడుకోబెడతాం అన్నయ్యా?

జావ అయినా తాగుతున్నాడా? డాక్టరు మళ్లీ వచ్చాడా? వీపు పుండ్లు పడకుండా నాన్నను పక్కకు తిప్పుతూ ఉండమని వదినకు చెప్పు. శనివారం బండికి వస్తాను, స్టేషనుకు రా. ఈ కార్డు ఆయన కంటపడకుండా పొయ్యిలో వెయ్యి.

వదినకు, పిల్లలకు నా ముద్దులు. సమాధులు దొరికాయనే నాన్నకు చెప్పు. ఎన్ని అని తప్పక అడుగుతాడు. పదకొండు అను. నేనూ అదే చెబుతాను.

నీ చెల్లెలు,
ఈఫీ