పూర్తి ఇంటిపేరు

నాన్నా,

ఇవాళ ఉదయం ఇక్కడ జర్మనీలో శాశ్వత నివాసానికి దరఖాస్తు ఇచ్చి వచ్చాను. అది వస్తే, వీసా గడువు ఎప్పుడు ముగుస్తుందోనని చూసుకుంటూ నర్సు పని చేయక్కర్లేదు. సరిగ్గా నువ్వు పోయిన తేదీకే అపాయింట్‌మెంట్ పడింది. అక్కడ అమ్మ చర్చిలో నీకోసం ప్రార్థన పెట్టించింది.

భీమవరం చెరువుల మీద నిన్ను అందరూ "ఒరే ఏసోబూ" అనే పిలిచేవాళ్లు. రొయ్యలకి మేత చల్లే మనిషి ఇంటిపేరు ఎవరికి కావాలి? కానీ నన్ను బడిలో చేర్చిన రోజు నువ్వు పట్టు వదల్లేదు.

"కె. సునీత అంటే చాలదా ఏంటయ్యా?" అన్నారు మాస్టారు.

"పొడి అక్షరం వద్దండి. కొల్లాబత్తుల అని మొత్తం రాయండి బాబూ."

ఆయన విసుక్కుంటూనే రాశారు. నాతో ఇక్కడికి నర్సులుగా వచ్చిన అమ్మాయిలు కొందరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరమే ఉందని ఆఫీసుల చుట్టూ తిరిగారు. నాకు ఆ అవసరం రాలేదు.

ఇవాళ అధికారిణి గది తలుపు తీసి, బయట కూర్చున్న అందరి ముందూ "ఫ్రావ్ కొల్లాబత్తుల" అని పిలిచింది. ఫ్రావ్ అంటే మన గారు లాంటిదే. ముక్కలు ముక్కలుగా పలికి, తప్పుంటే ఏమీ అనుకోవద్దంది. ఎలా పలకాలో చెప్పాను. రెండోసారి సరిగ్గానే పలికింది.

అయినా ఇంకొక్కసారి అనమన్నాను.

నీ కూతురు,
కొల్లాబత్తుల సునీత