బిర్గిట్ పేరు మళ్ళీ పోయింది

స్కార్వో దీవి, ఏప్రిల్ 3

గోటెబోర్గ్‌లో వెలిగిపోతున్న మా అన్న కొడుకు మెల్కర్‌కు, అత్త ఆశీస్సులు.

మన పడవల మ్యూజియం జాబితా ఈ నెల ముప్పైలోగా ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటర్ పద్ధతిలో పంపకపోతే పడవలన్నీ పట్నం గోదాముకు తరలిస్తారట, జిల్లా కార్యాలయం రాసింది. ఇరవై ఏడు పడవలకూ చేత్తోనే కొట్టాను. ప్రతి వివరానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు ఉండాలి. పద్నాలుగో పడవ దగ్గర వెనక గుర్తు మరిచానని మొత్తం తిప్పి పంపారు. కాస్త చూడు.

అలసిపోయిన నీ గున్వర్ అత్త

తా.క.: నువ్వేం చదివావో మీ నాన్నకీ తెలియదట. ఇప్పుడు తేలుతుంది.

గోటెబోర్గ్, ఏప్రిల్ 6

పడవల తల్లి గున్వర్ అత్త సన్నిధికి,

గుర్తులు చేత్తో కొట్టడం మా శాస్త్రంలో మహాపాపం. హాస్కెల్ అనే కంప్యూటర్ భాషలో 'పడవ' అని ఒక ఫంక్షన్ రాశాను. పేరు, కట్టిన ఏడు, యజమాని ఇస్తే చాలు, ముందూ వెనకా గుర్తులు అదే పెట్టుకుంటుంది. మరిచిపోదామన్నా దానికి చేతకాదు. అది పుట్టించిన జాబితా ఫైలు పంపుతున్నాను. తప్పులుంటే చెప్పు.

విధేయుడు మెల్కర్

తా.క.: రాయడానికి రెండు గంటలు పట్టింది. ఎంత అందంగా ఉందో అని చూసుకోవడానికి మూడు.

స్కార్వో, ఏప్రిల్ 19

మెల్కర్ దొరవారికి,

'విల్యా' పడవకు ఎరిక్ ఒక్కడే యజమాని అని పెట్టావు. అందులో సగం అతని చెల్లెలు బిర్గిట్‌ది! ముప్పై ఏళ్ళు వల లాగిన మనిషి. పడవలు కట్టిన ఏళ్ళలో తప్పులు నీకు రాశాను గాని, ఆమె పేరు మాత్రం ఫైలులో నేనే చేర్చుకున్నాను. నువ్వు పంపిన కొత్త ఫైలులో అది లేదు. మళ్ళీ చేర్చాను, మళ్ళీ పోయింది. మూడోసారీ అంతే! ఎరిక్ మనవలు నీకు కాఫీలేమైనా పోయిస్తున్నారా? ఆమె పేరు లేని జాబితా నేను పంపను. పడవలు పోతే పోనీ.

గున్వర్ (అత్త అనొద్దు)

తా.క.: తొంభై ఒక్కేళ్ళ బిర్గిట్ రోజూ వచ్చి "ఎక్కానా?" అంటోంది. "ఎక్కి దిగావు" అంటున్నాను.

గోటెబోర్గ్, ఏప్రిల్ 21

అత్త అనొద్దన్నా వినని మెల్కర్ నుంచి,

నేరం నాదే. నువ్వు దిద్దింది ప్రోగ్రాము పుట్టించిన ఫైలుని. ప్రోగ్రాము నడిపినప్పుడల్లా పాతదాన్ని పారేసి కొత్తది పుట్టిస్తుంది. నువ్వు కాలిన బన్ను మీద యాలకుల పొడి చల్లుతున్నావు, నేనేమో ప్రతిసారీ కొత్త వాయి దించుతున్నాను. పొడి పిండిలోనే పడాలి. పైగా పడవకు ఒక్కరే యజమాని అని ప్రోగ్రాములో శాసించిన మహానుభావుణ్ణి నేనే! ఇప్పుడు ఎందరైనా పడతారు. మార్చింది ఒక్క వరుస. రెండు ఫైళ్ళు పంపుతున్నాను. ప్రోగ్రాము నువ్వు దాచుకో, జాబితా కార్యాలయానికి పంపు. బిర్గిట్‌కు నా క్షమాపణలు.

తలదించుకున్న మెల్కర్

తా.క.: కాఫీ ఎవరూ పోయించలేదు. పోయించి ఉంటే తాగేవాణ్ణే.

స్కార్వో, మే 6

మా బంగారు మెల్కర్‌కు,

నిజం చెప్పేస్తున్నాను. చివరి రోజు హడావిడిలో జాబితా నా దగ్గరే ఉంచుకుని, కార్యాలయానికి ప్రోగ్రామును పంపేశాను. మర్నాడు మే ఒకటి, సెలవు. తీరిగ్గా ఏడ్చాను.

నిన్న జిల్లా కార్యాలయం ఆఫీసరమ్మ ఫోను. పడవలు పోయాయనే అనుకున్నాను. నీ ప్రోగ్రాము ఆవిడే నడిపిందట, జాబితా అదే పుట్టిందట! "వచ్చిన జాబితాలన్నింట్లో ఒక్క గుర్తూ తప్పనిది మీదేనండీ" అంది. పడవలు ఇక్కడే ఉంటాయి. బిర్గిట్ తన పేరు రెండుసార్లు చదివించుకుని, "ఎరిక్ కన్నా ముందుందా?" అంది. మన స్వీడిష్ అక్షరక్రమంలో B తరవాతే కదా E, ముందే ఉందిలే. మా ఇద్దరి ప్రాణాలూ నిలబెట్టావు నాయనా. నీ మేలు మరువం.

ప్రేమతో అత్త

తా.క.: జాబితాలు తిరిగొచ్చిన మిగతా ముప్పై నాలుగు మ్యూజియాలకూ నీ ఫోన్ నంబరు ఇచ్చాను. ముందుగా తలుపు గొళ్ళేల మ్యూజియం ఆయన చేస్తాడు. నాలుగు వేల గొళ్ళేలట. ఓపిగ్గా మాట్లాడు.