మౌస్ పట్టినవాళ్ళు మాట్లాడకూడదట

అబ్బాయీ, నేనూ నీ కూతురూ కులాసా. ఫోన్‌లో చెబితే సగంలో అడ్డొస్తావని కార్డు రాస్తున్నాను. పిల్ల క్లాసులో నోరు విప్పడం లేదని బడి మార్చేస్తానన్నావుగా, కాస్త ఆగు. నిన్న నేనే వెళ్ళి చూశాను. కంప్యూటరు గదిలో ముగ్గురికి ఒకటే యంత్రం. ఇదేం పిసినారితనమని టీచరును దులిపేద్దామనుకున్నాను గానీ, వాళ్ళ పద్ధతి విన్నాక సరదా పుట్టింది. మౌస్ పట్టుకున్న పిల్ల మాట్లాడకూడదట. పక్కనున్న ఇద్దరూ చెప్పినట్టు తెర మీద పటం గీయాలి. పది నిమిషాలకోసారి చేతులు మారాలి. మన పిల్ల గుంపులో మాత్రం మారడమే లేదు.

"తను ఎలాగూ మాట్లాడదు కదా మామ్మగారూ, అందుకే మౌస్ తనకే ఇచ్చేశాం" అన్నారు మిగతా ఇద్దరూ, మహా ఉపకారం చేసినట్టు.

టీచరుతో చెప్పి మార్పించాను. ఆ ఇద్దరిలో రెండు జడల పిల్ల మౌస్ అందుకుని, పటంలో నదిని కొండెక్కించి అవతలికి దించింది. మనది కాసేపు పెదవి కొరుక్కుంది. ఇక ఆపుకోలేక, "అటు కాదే మొద్దూ! నీళ్ళు ఎక్కడైనా కొండెక్కుతాయా?" అంది. గదంతా తిరిగి చూసింది. ఆ గొంతు ఎవరి పోలికో నీకు చెప్పనక్కర్లేదు.

బడి మార్పు మాట ఇక ఎత్తకు. కోడలి నడుం నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? నా చదువుకునే కళ్ళజోడు బీరువా పై అరలో ఉంది, వెంటనే పంపు. పై సోమవారం ఒక గుంపులో ఒక పిల్ల రావడం లేదట, ఆ చోట నన్ను కూర్చోమన్నారు. మౌస్ ముందు నాకే ఇస్తారట. "పది నిమిషాలు నోరు మూసుకోవాలి నానమ్మా, నీ వల్ల అవుతుందా?" అని నీ కూతురు నిన్నటి నుంచి అడుగుతూనే ఉంది.

ఇద్దరూ చల్లగా ఉండండి.
అమ్మ